మూడేళ్ళ గడువు

మూడేళ్ళు చదివితే నేను పిచ్చి కుదిర్చే డాక్టర్ని అవుతానని మా చాల్ అంతా, గదికో కాపురం ఉండే ఆ మేడంతా, నమ్మింది. మొదటి మూడు వారాలు నేనూ నమ్మాను. మిగిలిన కాలమంతా నమ్మించాను. ఈ సంగతిని చుట్టూ తిప్పి చెప్పే ఓపిక నాకు లేదు.

అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. పద్దెనిమిదేళ్ళ దాకా నా చేతులకు తెలిసింది బీడీ ఆకు, తంబాకు, దారం. పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు వదిలేస్తే కామాఠీపురలో మా అన్న ఖోలీకి తిరిగొచ్చాను. ఒకటే గది. అందులో అన్న, వదిన, నేను. అన్న గవండీ, అంటే ఇటుక పేర్చి గోడ లేపే మేస్త్రీ. మా తాతల నుంచీ అదే పని. ఆయనకు వేలిముద్ర తప్ప రాదు. నన్ను మాత్రం పెద్దవాళ్ళకు చదువు చెప్పే సాయంత్రం బడికి తీసుకెళ్ళి, చిన్నపిల్లల బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చాడు.

"అవ్వ లేదు, నాయిన లేడు, ఆడు గూడ పాయె. అచ్చరమన్న ఉండనియ్యే నీకు," అన్నాడు.

ముందు తెలుగు, తర్వాత మరాఠీ. పగలు బీడీలు, సాయంత్రం బడి. మధ్యలో రెండుసార్లు తప్పాను. పన్నెండో తరగతి గట్టెక్కి ఎనభై మూడులో కాలేజీలో చేరేనాటికి ముప్ఫై దాటాయి.

ఆ ఏడే అన్న మారాడు. మారినట్టు మాకు వెంటనే తెలియలేదు. మిల్లులు మూతపడి వర్లి నుంచి మా గల్లీ దాకా ఎంతమంది మగవాళ్ళు వరండాల్లో నోరు విప్పకుండా కూర్చునేవారో. వాళ్ళ మధ్య ఒక మేస్త్రీ కూడా మాట మానేసి కూర్చుంటే ఎవరికి వింత? పని మానేశాడని వదిన మొదట తిట్టింది. తర్వాత ఒకరోజు ఆయన గోడకు చెవి ఆనించి, తాపీ పిడితో కొట్టి, వినడం చూసింది.

"ఏంది, ఏం ఇంటున్నవు?"

"మన మాటలన్ని గిండ్లకెల్లే పోతున్నయి. ఈ గోడ నేను కట్టింది గాదు. ఎవలు కట్టిండ్రో ఏమో."

వండిన అన్నం ముట్టడం మానేశాడు. అరటిపళ్ళు, ఉడకబెట్టిన కోడిగుడ్లు మాత్రం తినేవాడు. తొక్క ఉన్నదాంట్లో ఎవడూ ఏదీ కలపలేడట. గుడ్డు పెంకు తనే తీసుకునేవాడు. పెంకు మీద చిన్న చీలిక కనబడినా ఆ గుడ్డు పక్కన పెట్టేసేవాడు. గోడ పని చేసినవాడి కన్ను, చీలిక తప్పించుకోలేదు.

ఇక్కడ మా కులపంచాయితీ సంగతి చెప్పాలి. ఇంట్లో తేలని తగాదా ఏదైనా ఆదివారం గుడి పక్క గదిలో పెద్దల ముందుకు పోవాల్సిందే. అక్కడ ఎవరైనా ఒక పని తన మీద వేసుకుంటే, అందరూ చూస్తుండగా పళ్ళెంలోంచి ఆకువక్క తీసుకోవాలి. తీసుకుంటే మాట ఇచ్చినట్టు. దానికి ఒక గడువు పెడతారు. ఆ గడువు తీరేదాకా ఇంట్లోవాళ్ళు ఆ విషయం వేరే చోటికి తీసుకుపోకూడదు. మాట ఇచ్చినవాళ్ళు చేతకాదనుకుంటే అదే గదిలో నిలబడి, చేతకాదని నోటితో చెప్పి ఆకువక్క తిరిగి ఇచ్చేయాలి. అలా ఇచ్చినవాళ్ళను నేను చూడలేదు.

అన్న గురించి పంచాయితీ కూర్చుంది. పెద్ద ఆసుపత్రికి పంపాలని కొందరు.

"పాగల్‌ఖానకు పంపుడే మంచిది. రేపు ఎవల్నన్న కొడితే జిమ్మేదారి ఎవలిది?"

ఆడవాళ్ళ వైపు నుంచి వదిన లేచింది. "ఇప్పటిదాంక చీమను సుత కొట్టలే పెద్దయ్యా. కొడితే నన్నే కొడతడు. నేను పడ్త."

"ఆడికి పోయినోడు మల్ల మన బంతిల కూసొని తిన్నది చూసినమా?" అని ఇంకొకాయన.

మా కింది అంతస్తు దర్జీకి ప్రతి మాటలో తలదూర్చే అలవాటు. "అరే, ఇంట్ల డాక్టర్ని పెట్టుకొని పాగల్‌ఖాన ఎందుకురా బై? ఈని చెల్లె కాలేజ్ల అదే గద సదువుతుంది!"

అందరి తలలూ నా వైపు తిరిగాయి.

"అవునా బిడ్డా?" అన్నాడు పెద్దమనిషి.

"మనసు గురించి పెదనాయినా. మనసెట్ల పని చేస్తది, ఎట్ల చెడిపోతది, అదంత."

"ఎన్నేండ్లు?"

"మూడు."

"మూడేండ్లకు బాగు చేస్తవా మీ అన్నను?"

కాలేజీలో చేరి పది రోజులే అయింది. పుస్తకం మొదటి పాఠం కూడా సగంలో ఉంది. "చేస్త," అన్నాను. పళ్ళెం నా ముందుకొచ్చింది. తీసుకున్నాను. అంతమంది మగవాళ్ళ మధ్య ఒక ఆడది ఆకువక్క తీసుకోవడం అదే మొదలని తర్వాత చెప్పుకున్నారు. ఆ రోజు నా ఛాతీ ఎంత పొంగిందో నాకు గుర్తుంది. గుర్తుండటమే నాకు శిక్ష.

కాలేజీలో నా పక్కన కూర్చునేవాళ్ళంతా పద్దెనిమిదేళ్ళ అమ్మాయిలు. నన్ను మావ్‌శీ అని, పిన్నీ అన్నట్టుగా పిలిచేవారు. కామాఠీపుర అంటే ఊళ్ళో అందరికీ సానివాడే. చిరునామాలో ఆ పేరు చూసిన గుమాస్తా తల ఎత్తి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "అక్కడ గోడలు కట్టేవాళ్ళు కూడా ఉంటారు," అన్నాను. అలాంటి చోట నోరు బాగానే లేచేది నాకు. లేవాల్సిన చోటే లేవలేదు.

మూడో వారంలో ఒక అమ్మాయి అడిగింది, ఈ డిగ్రీ అయ్యాక మనం రోగుల్ని చూడొచ్చా అని. మాకు పాఠం చెప్పే మేడమ్ నవ్వింది. మరాఠీలో తాపీగా చెప్పింది: చూడకూడదు, దానికి డాక్టరు చదువు వేరే ఉంది, లేదంటే దీని మీద ఇంకా ఎన్నో ఏళ్ళు చదివి శిక్షణ తీసుకోవాలి, ఇక్కడ మీరు నేర్చుకునేది మనసును ఎలా పరిశీలిస్తారన్నదే. అమ్మాయిలు రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను. నా చేతిరాత అప్పటికీ వంకరే, ఆ రోజు మరీ వంకరగా పడింది.

ఇంటికి వచ్చి చెప్పేద్దామనే వచ్చాను. గుమ్మంలో వదిన బీడీలు చుడుతోంది. తన చాట పక్కన నా చాట కూడా ఉంది. రెండింటిలోనూ ఆకు నిండుగా ఉంది.

"నా వంతు నువ్వెందుకు చుడుతున్నవు?"

"నువ్వు సదువు పిల్లా. నేను పట్కుంట ఆయన్ని. మూడేండ్లే గద, కన్ను మూసి తెరిస్తె అయిపోతయి." కత్తెర ఆపకుండానే అడిగింది, "ఇయ్యాల ఏం జెప్పిండ్రు?"

"ఎలుకల గురించి జెప్పిండ్రు," అన్నాను.

"ఎలుకలా? మన మోరీలల్ల ఉన్నయి సాలవా? ఆటి కోసం కాలేజ్ పోవాల్నా?" అని పడీపడీ నవ్వింది. అన్నకు ఇలా అయ్యాక ఆమె అలా నవ్వడం అదే. నేనూ నవ్వాను. మాట లోపలికి పోయింది.

ఆ తర్వాత రోజూ అదే ప్రశ్న. ఇయ్యాల ఏం జెప్పిండ్రు? ఒకసారి కుక్క పాఠం చెప్పాను. అన్నం పెట్టే ముందు గంట కొడుతూ పోతే, కొన్నాళ్ళకు గంట వింటేనే కుక్కకు నోరూరుతుందని. వదిన కత్తెర ఆపి వింది. మర్నాడు పొద్దున అన్న ముందు అన్నం కంచం పెట్టి, చెంచాతో అంచు మీద టంగున కొట్టింది. మధ్యాహ్నం మళ్ళీ. సాయంత్రం మళ్ళీ. పక్క ఖోలీల వాళ్ళు విసుక్కున్నారు. అన్న కంచం వైపు చూడలేదు, గోడ వైపు ఇంకా జరిగాడు. నెల రోజులు కొట్టింది. ఆపమని చెప్పాల్సింది నేను. ఇది వైద్యం కాదు వదినా, నాకు వైద్యం రాదు అని ఒక్క మాట. ఆ నెలలో ఆ మాటకు తొంభై సార్లు చోటు దొరికింది.

ఎందుకు చెప్పలేదు? పంచాయితీ గదిలో నిలబడి చేతకాదని చెప్పడానికి సిగ్గు. అది కొంత. ఎక్కువది ఇంకొకటి. చేతకాదని తేలితే కాలేజీ ఎందుకంటారు. వదిన నా చాట నాకిచ్చేస్తుంది. పొద్దున్నే పుస్తకం పట్టుకుని ఫాక్‌లాండ్ రోడ్డు దాటి బస్సెక్కే ఆ నడక పోతుంది. నాకు ఆ నడక అన్న కంటే ఎక్కువైంది. ఇలా రాస్తుంటే చేయి ఆగుతోంది. అయినా ఉన్నది అదే.

రెండో ఏడు గడిచింది. అన్న స్నానం మానేశాడు. గడ్డం పెరిగింది. వారంలో ఒకరోజు మామూలు మనిషిలా "సదువెట్లుందే?" అని అడిగేవాడు. ఆ ఒక్క రోజు చూపించి నేను వదినతో "జర్ర నయమైతున్నట్టుంది," అనేదాన్ని. ఆమె చేతులు జోడించేది. దేవుడికి కాదు, నాకు.

మూడో ఏడు మనసు జబ్బుల పుస్తకం చేతికొచ్చింది. మరాఠీ పుస్తకం. ఒక పాఠంలో మా అన్న ఉన్నాడు. గోడ వినడం, అన్నంలో ఏదో కలిపారనడం, స్నానం, అన్నీ వరసగా ఉన్నాయి. ఆయన పేరొక్కటే లేదు. పాఠం చివర, మందులున్నాయని, ఎంత ముందుగా మొదలుపెడితే అంత మేలని ఉంది. పుస్తకం మూసేశాను. పరీక్షకు వచ్చే పాఠం కాబట్టి మర్నాడు మళ్ళీ తెరిచి, కంఠస్థం చేశాను.

ఆ ఏడు ప్రాక్టికల్స్ ఉండేవి. మేము పరీక్ష పెట్టడానికి ఒక్కొక్కరం ఒక మనిషిని తెచ్చుకోవాలి. అమ్మాయిలు స్నేహితురాళ్ళను తెచ్చుకున్నారు. నేను అన్నను తీసుకెళ్ళాను. మేడమ్ ఆయన్ని చూస్తే తనంతట తనే ఏదో ఒకటి చేస్తుందని, నేను నోరు తెరిచి అడగక్కర్లేదని నా ఆశ. అన్న బయటికి రాడు కదా. "మా కాలేజ్ గోడ గిలాబు ఊడుతుందన్నా, జర చూద్దువు రా," అన్నాను. వెంటనే లేచాడు. ఎన్నో నెలల తర్వాత స్నానం చేశాడు. తాపీ సంచిలో పెట్టుకున్నాడు. వదిన గుమ్మం దాకా వచ్చి, "ఇగో, ఇయ్యాల్టి సంది వైద్యం షురూ అయింది," అని పక్కవాళ్ళతో అంది.

పరీక్ష చిన్నది. నేనొక మాట అంటే, మనసులో మొదట ఏ మాట వస్తే అది ఆయన చెప్పాలి. ఎంతసేపు పట్టిందో గడియారంలో చూసి రాసుకోవాలి. మరాఠీ మాటల్ని తెలుగు చేసుకుని అడిగాను.

"ఇల్లు."

"గోడ."

"నీళ్ళు."

"సున్నం."

"అన్నం."

ఏమీ అనలేదు. గడియారం తిరుగుతోంది. కుర్చీ గోడకు దూరంగా జరుపుకున్నాడు.

"చెల్లె."

చాలాసేపటికి అన్నాడు. "సదువుకోనియ్యి."

మేడమ్ వెనక నిలబడి చూస్తోంది. ఆమెకు తెలుగు రాదు. అక్కర్లేకపోయింది. నన్ను వరండాలోకి పిలిచింది.

"ఎవరాయన?"

"మా అన్న."

"ఎన్నాళ్ళుగా ఇలా ఉన్నాడు?"

"మూడేళ్ళు కావస్తోంది."

"ఏ డాక్టరు చూస్తున్నాడు?"

నేను చేతిలో కాగితం మడత పెట్టాను. ఆమె నన్నే చూసింది. కోపం కాదది. పాఠం ఎవరికి చెప్తున్నానో ఇన్నాళ్ళూ తెలియనట్టు చూసింది. లోపలికెళ్ళి చీటీ రాసి తెచ్చింది. ఫలానా సర్కారు ఆసుపత్రి, ఫలానా విభాగం, పొద్దున తొమ్మిదింటికి. "ఈ వారమే తీసుకెళ్ళు. నేను అడుగుతాను," అంది.

చీటీ తెచ్చి ఆ పుస్తకంలోనే పెట్టుకున్నాను. చివరి పరీక్షలకు ఆరు వారాలే ఉన్నాయి. ఇప్పుడు ఆసుపత్రి అంటే ఎందుకని వదిన అడుగుతుంది. నువ్వే డాక్టరైతున్నవు గద అంటుంది. మొత్తం బయటపడుతుంది. ఏడుపులు, పంచాయితీ, ఆ గొడవలో నా పరీక్ష పోతుంది. పరీక్షలు కానీ, మర్నాడే తీసుకెళ్తాను అనుకున్నాను. మేడమ్ రెండుసార్లు అడిగింది. "వెళ్ళాం, మందులిచ్చారు," అన్నాను. అబద్ధం మరాఠీలో కూడా బాగానే వచ్చింది నాకు.

మనసు జబ్బుల పేపరు ఏప్రిల్‌లో ఒక ఉదయం. అన్న జబ్బు మీదే పెద్ద ప్రశ్న వచ్చింది. లక్షణాలు, రకాలు, వైద్యం. అదనపు కాగితాలు అడిగి తీసుకుని రాశాను. చేయి నొప్పి పుట్టేదాకా రాశాను. బయటికొచ్చి, బాగా రాశానని చెట్టు కింద చెరుకురసం తాగాను.

గల్లీ మొదట్లోనే దర్జీ ఎదురొచ్చాడు. "మీ అన్న నీ ఎంబడి వచ్చిండా?" అన్నాడు. వదిన నీళ్ళకు నల్లా దగ్గర వరసలో ఉన్నప్పుడు అన్న బయటికి నడిచాడట. చెప్పులు లేవు. సంచి భుజాన ఉంది. ఫాక్‌లాండ్ రోడ్డు మీద స్టేషను వైపు పోతుంటే పాన్ డబ్బా అతను చూసి, పనికి పోతున్నాడని సంతోషపడ్డాడట.

వదిన గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను చూడగానే ఆమె ముఖంలోకి ధైర్యం వచ్చింది. నిజంగా వచ్చింది, నేను చూశాను.

"ఏడికి పోయిండో నీకు తెలుస్తది గద. సదివినవు గద. అసొంటోల్లు యాడికి పోతరు?"

వెతికాం. కట్టడం పని ఎక్కడ నడుస్తుంటే అక్కడ వెతికాం, తాపీ పట్టుకుపోయాడు కదా అని. దాదర్‌లో, వర్లిలో, ఇంకా దూరంగా పాలమూరు కూలీలు గోనెపట్టాల గుడిసెలు వేసుకున్న చోటల్లా. ప్రతి కొత్త గోడ దగ్గరా వదిన ఆగి పైకి చూసేది. స్టేషన్లు చూశాం. శవాల గది కూడా చూశాం. రెండుసార్లు. రెండుసార్లూ ఆయన కాదు. పోలీసులు కాగితం మీద రాసుకున్నారు. అన్న ఆనవాళ్ళు చెప్పమంటే వదిన, "కోడిగుడ్డు పెంకు బాగా చూసి తింటడు," అంది. రాసుకునేవాడు కలం ఆపి నా వైపు చూశాడు.

అన్న జాడ ఇక దొరకలేదు. జూన్‌లో ఫలితాలు వచ్చాయి. సెకండ్ క్లాసు. మనసు జబ్బుల పేపర్లో మా క్లాసుకంతా నాకే ఎక్కువ మార్కులు. దర్జీ పేడాలు పంచాడు. ఆడ డాక్టర్ మన గల్లీలనే అని అరుచుకుంటూ మెట్లన్నీ ఎక్కి దిగాడు.

వానలు పడుతున్న రోజు, పక్క చాల్ నుంచి ఒక ముసలామె తన కోడలిని చేయి పట్టుకుని తెచ్చింది. కాన్పు అయినప్పటి నుంచి పిల్ల ఏడ్చినా ఎత్తుకోవడం లేదట. కోడలు తడిసిన కొంగు సర్దుకోకుండా నేలను చూస్తోంది. నేను లేవబోయాను. వదిన ముందే లేచి చాప పరిచింది.

"కూసో బిడ్డా, కూసో. మా ఆయన గడువు దాంక ఆగలేకపాయె. ఆయన నసీబు. మీ కోడలు మంచిగైతది. మా పిల్ల చూస్తది." ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో గర్వం ఉంది. అన్నీ పోయాక ఆమెకు మిగిలింది అదొక్కటే.

అప్పుడు చెప్పాను. నిలబడే చెప్పాను. "నేను డాక్టర్ని గాను వదినా. ఈ సదువుతోని ఎవ్వలు డాక్టర్ కారు. ఈ అమ్మను దవాఖానకు తోల్కపోవాలె, ఇయ్యాలనే."

ముసలామె అటూ ఇటూ చూసింది. వదిన నవ్వబోయి ఆగింది.

"ఎప్పుడు తెల్సింది నీకు?"

"చేరిన మూడో వారం."

వదిన ఆ కోడలి చేయి తన చేతిలోకి తీసుకుంది. తర్వాత అరవకుండా, మామూలుగా అంది:

"అప్పుడే జెప్తే నేనే తోల్కపోతుంటి గదనే. పంచాయితీ లేదు, ఏం లేదు. ఎత్తుకోనన్న పోతుంటి."

అంతే. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. ఆమె గొడుగు తీసుకుని ఆ అత్తాకోడళ్ళతో తనే ఆసుపత్రికి బయల్దేరింది. నేను వస్తానంటే, "నువ్వొద్దు," అంది. ఆ కోడలు బతికి బాగుపడింది. ఆ సంగతి నాకు వేరేవాళ్ళు చెప్పారు.

నెలలోపే వదిన పాలమూరు వైపు తమ్ముళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు కూడా నాతో మాట్లాడలేదు. నేను బాల్వాడీలో పిల్లలకు పాఠం చెప్పి బతికాను. ఆమెకు ఉత్తరం రాయాలని ఎన్నోసార్లు కూర్చున్నాను. ఆమెకు చదువు రాదు. నేను రాసింది ఊళ్ళో ఎవరో చదివి వినిపించాలి, నేను చేసింది పరాయివాళ్ళ నోటి నుంచి ఆమె మళ్ళీ వినాలి. అందుకే రాయలేదని అనుకుంటూ వచ్చాను. అదీ నిజం కాదు. జవాబు రాకపోతే ఎలాగని భయం. వస్తే ఎలాగని ఇంకా భయం. ఆమె పోయిందని పోయినేడు కబురొచ్చింది.